పొత్తు షెడ్డు

వ్యాసర్పాడిలో వంతెన దిగి ఎడమకు తిరిగితే
రేకుల షెడ్డు.
నాలుగు బడులది.
కరెంటు బిల్లు వచ్చిన రోజు మాత్రం
ఎవరిదీ కాదు.

తాళంచెవి నా కొంగున ఉంటుంది.
జీతం మూడు బడులు ఇస్తాయి,
నాలుగోది ‘వచ్చే నెల’ ఇస్తుంది.

సోమవారం కార్పొరేషన్ బడి మగపిల్లలు.
మంగళ, బుధ చర్చి బడి.
గురువారం మా తెలుగు బడి, మిగిలింది పదకొండు మందే,
అయినా గురువారం గురువారమే.
శుక్రవారం ఆడపిల్లల బడి.
జడలు మడిచి కట్టి, రిబ్బన్లు లోపలికి దోపుకుని వస్తారు.
తిరిగే చక్ జడను చూస్తే ఊరుకోదని
మొదటి రోజే చెప్పాను.
శనివారం మిషన్లకు నూనె.

‘పొత్తుల మగడు పుచ్చి చచ్చె’నని
మా అవ్వ ఊరికే అంటుండేది.
మగడి సంగతి నాకు తెలియదు గానీ
డ్రిల్లింగ్ మిషను అలాగే పోయింది.
లోపలి బుష్ అరిగి, ఆరు నెలలు
వణికి వణికి
ఒక సోమవారం నిలిచిపోయింది.

మీటింగు పెట్టారు.
తిలకవతి మేడం గంటల లెక్క తెచ్చారు:
మా పిల్లలు వాడింది నెలకు పన్నెండు గంటలే.
కోదండపాణి మాస్టారు తలల లెక్క తెచ్చారు:
మావి పదకొండు తలలే.
అసలు మిషను ఇచ్చిందే మేమన్నారు చర్చి బడి ఫాదరు.
కార్పొరేషన్ బడి హెడ్మాస్టరు రాలేదు, లెటరు పంపారు.
పది మిల్లీమీటర్ల డ్రిల్ బిట్ పోయిన సంగతి
ఈ తూరి కూడా లేచింది.
అందరూ నా వైపు చూశారు.
టీ వచ్చింది.
డబ్బు నేనే ఇచ్చాను, ఇంతవరకు తిరిగి రాలేదు.

ఆ బుధవారం సాయంత్రం కరెంటు పోయింది.
చర్చి బడి ఆరోగ్యదాస్
సగం తిరిగిన ఇత్తడి ముక్కను చక్‌లోనే వదిలి
బస్సుకి పరిగెత్తాడు.
పక్కన అరిగిన పాత బుష్.
వెనక రేకు మీద సుద్దతో, అరవంలో: ముట్టుకోవద్దు.

రూలు ప్రకారం నేను దాన్ని తీసెయ్యాలి.
తియ్యలేదు. ఎందుకో అడగొద్దు.
మా నాయన టర్నరు. సగంలో ఉన్న పనిని
చక్ నుంచి ఊడదీస్తే
మళ్ళీ అదే నడిమి దొరకదనేవాడు.

గురువారం మా హంసవేణి
వెర్నియరు పెట్టి చూసి, కింద తెలుగులో రాసింది:
‘ముట్టుకోలేదు. కొలిచాను.
నలభై పాయింట్లు ఎక్కువుంది.’

శుక్రవారం దాని పక్కన ఒక బాణం గుర్తు.
ఏ పిల్ల గీసిందో తెలియదు.
ఇరవై తీసి, ఇరవై వదిలింది.

శనివారం నూనె పోశాను.
బల్లలు తుడిచాను, నేల తుడిచాను.
ఆ రేకు జోలికి పోలేదు.

సోమవారం ముగిలన్ వచ్చి
‘అక్కా, ఈ జిలేబీల్లో ఏం రాసుంది?’ అన్నాడు.
చదివి చెప్పాను.
గోరంత, గోరంతలో గోరంత తీశాడు,
ఊపిరి బిగబట్టి.
నేనూ బిగబట్టాను, నాకేం పని లేనట్టు
గుమ్మంలో నిలబడి.

మంగళవారం ఆరోగ్యదాస్
రేకు మీద చదవగలిగింది చదివాడు,
చదవలేనిది చూశాడు.
ఏమీ అనలేదు.
బుష్ తీసి మిషనులో కూర్చోబెట్టాడు
కర్ర సుత్తితో, మెల్లగా, నిద్రపోయే బిడ్డను తట్టినట్టు.

తిరిగింది.
కాస్త గీపెడుతుంది.
ఏమో, నూనె తాగితే తగ్గొచ్చు.

రిజిస్టరులో ‘రిపేరు చేసినది’ అని ఒక గడి.
పక్కన ‘ఏ బడి’ అని ఇంకోటి,
వేలెడంత వెడల్పు లేదు.
పెన్ను పట్టుకుని చాలాసేపు కూర్చున్నాను.

రేపు మళ్ళీ మీటింగు.
బుష్ ఖర్చు సున్నా అంటే
ఎవరి ఇత్తడి అని అడుగుతారు.

మా నాయన పెట్టె అడుగున
జానెడు కడ్డీ ఉన్న చోటు
ఇప్పుడు ఖాళీ.
అది ఏ బడి లెక్కలోకీ రాదు.