అరక్షణం వెనక

మౌలాలి గుట్టల అవతల, రాయి కొట్టడం మానేసిన క్వారీకి
స్కూటర్ మీద, కాళ్ల మధ్య వయొలిన్ పెట్టె పెట్టుకుని వెళ్లాను.
తెమ్మని ఎవరూ అనలేదు.
ఇరవై రెండేళ్ల అలవాటు. చూడామణి గారు నోరు విప్పే చోటికి
ఉత్త చేతులతో పోవడం నాకు చేతకాదు.

టికెట్టు లేదు. చీటీ మీద రాసి ఉంది:
టార్చి తెచ్చుకోండి, కుర్చీలు ఉండవు, పాములు ఉండొచ్చు.

ఒకప్పుడు ఆమెకి
హాల్లో ఏసీ ఒక గీత ఎక్కువైతే గొంతు పట్టేసేది.
ఫ్లాస్కులో మిరియాల పాలు, మెడకి మఫ్లరు,
మైకు నా వైపు జానెడు జరిగితే కనుబొమ్మ ఎగిరేది.
కల్యాణిలో ధైవతం మీద ఆమె ఆగితే
చిక్కడపల్లి మొత్తం ఊపిరి బిగబట్టేదని
అందరికీ చెప్పేవాణ్ణి. కొంచెం అబద్ధమే.
ముందు వరసలో ఇద్దరు ఎప్పుడూ నిద్రపోయేవారు.

ఇక్కడ ఆమె రాళ్లు మోసే మనిషి.
మోకాళ్ల దాకా ఎగ్గట్టిన చీర, తల మీద తట్ట,
కాళ్లకి చెప్పుల్లేవు.
డైరెక్టరు యాదగిరి, పగలంతా మెట్రోలో టికెట్లిచ్చే కుర్రాడు,
"అమ్మా, జర అటు దిక్కు నిలబడు, రాయి నిన్ను సూడాలె" అంటాడు.
నిలబడుతుంది.
"కాస్త నిదానంగా అందుకోండి" అని ఆమెతో అనడానికి
నాకు పదేళ్లు పట్టింది.

నాటకం మొత్తానికి ఆమెకి ఒకటే మాట.
పెళ్లయిన నాటి నుంచీ మొగుడి పేరు ఎత్తని ఆడది,
తూటా పేలాక గుంతలోంచి అతను పైకి రాకపోతే
పేరు పెట్టి పిలవాలి.

"మల్లయ్యా."

మొదటిది పంచమంలో పడింది. నా ఎడమచేతి వేళ్లు
ప్యాంటు మీదే తీగ నొక్కాయి.
అప్పుడు బండ జవాబిచ్చింది,
ఆమె వదిలిన చోటి నుంచే, ఆమె వంపుతోనే,
అరక్షణం వెనకగా.

ఆ అరక్షణం నాది.
ఇన్నేళ్లూ నేను అమ్ముకుని తిన్నది అదే.
ఆమె పాదం తియ్యగానే
ఆ తడిలో నా పాదం పెట్టడం.
సంభావన అడగని, బస్సు దొరకలేదని ఆలస్యం చెయ్యని
ఒక రాయికి ఇచ్చేశారు నా పని.

రెండో పిలుపుకి గొంతు చీలింది.
ఏ స్థానంలోనూ లేదది. రిషభానికీ గాంధారానికీ నడుమ
ఎవరూ కాపురం ఉండని సందులో తచ్చాడింది.
చర్లపల్లి వైపు గూడ్సు బండి కూత పెట్టింది.
ఆమె ఆగలేదు, కూతలోకే పిలిచింది.
నా పక్కన రాయి మీద కూర్చున్న ముసలామె, ఆ బస్తీ మనిషే,
కొంగు నోట్లో కుక్కుకుంది.
మూడోసారికి బండ కూడా సరిగ్గా పలకలేదు.

అయ్యాక, అరికాల్లో ముల్లు తీసుకుంటూ అడిగారు:
"ఎలా ఉందయ్యా?"
"రెండోసారి శ్రుతి తప్పింది" అన్నాను. నోరు ఊరుకోదు కదా.
నవ్వారు.
"ఎనిమిది నెలలు పట్టింది తప్పడానికి.
నలభై ఏళ్ల సాధకం, అంత తేలిగ్గా వదుల్తుందా?"
ముల్లు వెలుతురులో పట్టి చూపించారు. చిన్నదే.

అందరూ టార్చీలతో కిందికి దిగిపోయారు.
పెట్టె తెరవలేదు నేను.
అటూ ఇటూ చూసి, ఎవరూ లేరని తేల్చుకుని
ఒక్కసారి పిలిచాను, మల్లయ్యా అని.

సరిగ్గా శ్రుతిలో వచ్చింది.
సిగ్గేసింది.