రెండు నేలలు

అటకామా అంచున, ఆ ఊరి రేడియో గదిలో
మూడు వారాలుగా ఒక తుమ్మెద.
వార్తల వెనక, అల్‌ఫాల్ఫా గడ్డి ధరల వెనక,
ప్రార్థనలో ఊపిరి తీసుకునే చోట మరీను.

కలామా నుంచి నాలుగు గంటలు దుమ్ము తిని వచ్చాం.
ఎర్మిందా గుమ్మంలోనే ఆగి తల వాల్చింది.
"యాభై హెర్ట్జ్," అంది.
మీటరింకా నా సంచిలోనే ఉంది.

మైకు తీసింది. ఉంది.
టేపు డెక్కు తీసింది. ఉంది.
కంప్యూటరు తీగ లాగింది. పోయింది.
"దొంగ దొరికాడు!" అన్నాడు తియోఫిలో.
"దొంగ కాదు, వాడు దిగిన కిటికీ."

టార్చి నేను పట్టుకున్నాను.
ఇనప బీరువా వెనక, ప్లగ్గుకి మధ్య పిన్ను లేదు.
రంపంతో కోసిన గాటు ఇంకా మెరుస్తోంది.
"నేనే," అన్నాడు నెమ్మదిగా,
"కోస్తే రొద పోతుందన్నారు. పోయింది కూడా, రెండు రోజులు."
ఆమె చాలాసేపు ఏమీ అనలేదు.
"ఈ తలుపు తడిచేత్తో ఎన్నిసార్లు తీశావు?"
ముందు కొత్త ప్లగ్గు బిగించింది.
తుమ్మెద ఇంకాస్త బలిసింది.

ఆకుపచ్చ రంగు మీదే బిగించిన ఎర్తు బోల్టు,
ముట్టుకున్నట్టు నటించే చెయ్యి.
గరుకు కాగితంతో రుద్దాను,
ఇనుము తెల్లగా కనబడేదాకా,
పళ్ళున్న వాషరు కరిచేదాకా.
నలభై ఓములు అర ఓముకి దిగాయి.
రొద మాత్రం దిగలేదు.

బయట రెండు రాడ్లు.
టవరు కింద ఒకటి, కరెంటు మీటరు కింద ఒకటి.
"నేల ఒకటేగా?" అన్నాడు తియోఫిలో.
మీటరు రెండు వోల్టులు చూపించింది.
తొమ్మిదేళ్ళుగా వాన ఎరగని మట్టి,
ఇరవై అడుగులకే వేరే దేశం.
ఆ తగవంతా మోస్తున్నది
పాట తెచ్చే సన్న తీగ మీది అల్లిక.
రెండు పడవల మీద కాళ్ళంటారే,
ఇది రెండు నేలల మీద.

మందపాటి రాగిపట్టీతో రాడ్లు రెంటినీ కలిపాం.
అల్లికని ఒక కొసన విప్పి టేపు చుట్టాం.
రాడ్డు మొదట్లో బంకమట్టి కూరి
బకెట్టు ఎత్తబోతుంటే
ఆగమన్నాడు. టోపీ తీశాడు.
గ్లాసులోంచి నాలుగు చుక్కలు ముందు నేలకిచ్చి
ఏదో గొణిగాడు, బాకీ తీర్చేవాడిలా.
ఎర్మిందా బకెట్టు దించకుండా నిలబడింది.
ఇప్పుడు పొయ్యమన్నాడు.

లోపలికొస్తే, ఏమీ లేదు.
ఎంత ఏమీ లేదంటే
నా చేతి గడియారం వినిపించింది.

పది నిమిషాలకి ఫోను.
కొండ మీంచి నికాసియా, లామాల మంద దగ్గర్నుంచి:
"స్టేషను చచ్చిపోయిందా?
చీకట్లో ముల్లు తిప్పుతూ
ఆ రొద తగిలితే మీరనుకునేదాన్ని."

సంచి మూసేసిన ఎర్మిందా నా వైపు చూసింది.
తియోఫిలో మైకు ముందు కూర్చున్నాడు.
కుర్చీ కిర్రుమంది. ఇన్నాళ్ళూ ఎవరూ వినని కిర్రు.
నూనె చుక్క వెయ్యనా అని అడిగాను.
వద్దన్నాడు.
ఇంకోసారి కావాలనే కదిలాడు.