మధ్యలో నలుపు

సోడియం దీపం వెలిగించగానే పసుపెక్కదు.
మొదట గులాబీ, తర్వాత ఎటూ కాని నారింజ,
పది నిమిషాలకి గానీ అసలు రంగు చెప్పదు.
ఈలోపు హెప్సిబా టిఫిన్ డబ్బా మూత తీసి
చింతకాయ పచ్చడి వాసన చీకటి గదంతా పంచుతుంది.
తలుపు దగ్గర స్టూలు మీంచే సైదులుగారు:
"ల్యాబులో తినగూడదమ్మా. నాకూ కాస్త పెట్టు."

పొద్దున ఆరుకి నేను గుంటూరులో,
యార్డు అవతల కోల్డ్ స్టోరేజీ షెడ్లో
అమ్మ పక్కన గోనెపట్టా మీద తొడిమలు తీస్తున్నాను.
కిలోకి ఇంత. ఎంతో చెప్పను,
చెబితే మీరు కూడిక మొదలుపెడతారు,
సెమిస్టరు ఫీజు దగ్గర ఆ కూడిక నేను చాలాసార్లు ఆపేశాను.
అక్కడ ఒకరు తుమ్మితే
పక్కవాళ్లు, ఆ పక్కవాళ్లు, షెడ్డు చివరిదాకా.
తరంగంలో కదిలేది పదార్థం కాదన్న మాట
నాకు నమ్మకం కుదిరింది అక్కడే.
మనుషులు ఎక్కడివాళ్లక్కడే కూర్చున్నారు,
తుమ్ము మాత్రం గోడదాకా పోయి వచ్చింది.

ఎనిమిదింబావు బస్సు. నంబూరు దాకా నిలబడే.
ఎక్కేముందు చేతులు మూడుసార్లు కడిగాను,
రెండుసార్లు సబ్బుతో, ఒకసారి మట్టితో.

గాజుపలక మీద కుంభాకార కటకం,
రెండింటి మధ్య ఎవరి లెక్కలోకీ రానంత గాలి.
మైక్రోస్కోపుకి కన్ను ఆనిస్తే
చీకటి చుట్టూ వెలుగు, వెలుగు చుట్టూ చీకటి.
లోపలి వలయాలు ఎడంగా,
బయటికి పోయేకొద్దీ ఫుట్‌బోర్డు దగ్గర జనంలా ఇరుక్కుని.
ఇరవయ్యోదాకా పోయి వెనక్కి లెక్కపెడుతూ రావాలి,
స్క్రూ ఒకవైపే తిప్పాలి,
దారిలో దిశ మార్చామా, అన్నీ మళ్లీ మొదటికే.
పదిహేడు దగ్గర కన్ను దురద పెట్టింది.
రుద్దాను.

అంతే.

సబ్బుకి లొంగనిది, మట్టికి లొంగనిది,
గోటి సందులో కూర్చుని టికెట్టు లేకుండా
నాతోపాటే వచ్చింది.
వలయాలన్నీ కరిగి ఒకటే పసుపు మడుగు.
"ఎన్నోదే? ఎన్నో వలయం, అది చెప్పు ముందు!"
హెప్సిబాకి నా కన్నుకన్నా రీడింగు ముఖ్యం,
దాని స్థానంలో నేనున్నా అదే అడుగుదును.
"పదిహేడు" అన్నాను ఏడుస్తూ.
నన్ను భుజంతో పక్కకి నెట్టి తను కూర్చుంది,
పదహారు, పదిహేను అంటూ చీకట్లో
నా బదులు వెనక్కి నడుస్తోంది.

కుళాయి వైపు పోతుంటే సైదులుగారు ఆపాడు.
"నీళ్లు కొట్టమాకు, ఇంకా మండుద్ది."
సొరుగులోంచి కొబ్బరినూనె తీసి నా వేళ్లకి పులిమి,
గుడ్డ అంచుతో రెప్పల మీద అద్దాడు.
ఎలా తెలుసని అడగలేదు నేను.
"మా ఆవిడదీ తొడిమల పనే" అన్నాడు తనే,
సీసా మూత బిగిస్తూ.

వైవాలో కోటిరత్నం మేడం:
"మధ్యలో కటకం పలకని తాకుతోంది కదా,
దూరమే లేనిచోట వెలుగుండాలి. నలుపెందుకు?"
"కింది పలక నుంచి వెనక్కొచ్చే తరంగం
సగం అడుగు తప్పుతుంది మేడం.
రెండూ కలిసేచోట ఒకదాన్నొకటి చెరిపేసుకుంటాయి."
తలూపింది. పేజీ తిప్పింది. తలెత్తింది.
"ఆ కన్నేంటి?"
"ప్రయోగ దోషం మేడం."
హెప్సిబా చున్నీ నోటికి అడ్డం పెట్టుకుంది.

వంద రావాల్సిన చోట తొంభై ఆరు సెంటీమీటర్లు వచ్చింది.
రికార్డులో కారణాల కింద
స్క్రూ వదులు అని రాశాను, దీపం మినుకు అని రాశాను,
మూడో గీత ఖాళీగా వదిలేశాను.

రాత్రి అమ్మ అడిగింది, ఏం కొలిచావని.
"ఒక గాజుబిళ్లకి ఎంత వంపుందో."
"చూస్తే తెలవదా?"
"తెలవదు. చానా కొంచెం వంపు."
నడుం గోడకి ఆనించుకుని నవ్వింది,
"కొంచెం వంపుకి ఇంత యవ్వారమా."

రేపు గ్రేటింగు ప్రయోగం.
సంచిలో నూనె సీసా పెట్టుకోవాలి.