గురువారం టాంకరు

హైమా దాటినంక తారురోడ్డుకు ఎడమదిక్కు
నా టైర్ల గీతలే దారి.
గాలొస్తే అవీ ఉండయి.

మూడువేల గాలన్ల నీళ్లు,
నాలుగు ఒంటెల మందలు,
గురువారం పొద్దున ఒక ట్రిప్పు, మాపున ఒక ట్రిప్పు.

నీళ్లకన్న ముందు ఫోన్లు తెచ్చి చేతుల పెట్టెటోళ్లు.
ఇద్రీస్‌ది పగిలిన అద్దం మీద టేపు.
షఫీకుల్‌ది ఊడకుండ రబ్బరు బ్యాండు.
రాయచోటి మస్తాన్‌వలీది బిడ్డ ఫోటో అంటించిన కవరు.
లింబాద్రిది పాత తువ్వాలల, ముల్లె కట్టి.

ఎనభై కిలోమీటర్లు.
పెట్రోల్ బంకు కాడ టవరు ఎర్రలైటు కనవడంగనే
డాష్‌బోర్డు మీద అన్నీ ఒక్కపాలి కూసేటియి,
గంప లేపితే కోడిపిల్లల తీర్గ.

నేను సదవకపోదును. ఒట్టు.
కని మోత తెలుస్తది గద.
మస్తాన్‌ది ముసురు వాన, ఇడువది.
ఇద్రీస్‌ది ఉరుము, ఒక్కటే, ఎవలో సచ్చినట్టు.
షఫీకుల్‌ది పైసలు ముట్టినయన్న టింగు.

లింబాద్రిది మోగదు.
చేతులకు తీసుకోని అటు తిప్పి ఇటు తిప్పి
బంకు కప్పు కిందికెల్లి ఎండలకు పట్టుకపోదును.
ఒక్కపాలి, ఒట్టు తప్పి, తెరిచి సూసిన.
ఆయన రాసిన దాని పక్కన గడియారం బొమ్మ పోయి
ఒక టిక్కు వడ్డది. రెండోది వడ్డది.
సూస్తుండంగనే రెండూ నీలం అయినయి.
చాయ్ చల్లారెదాంక నిలవడ్డ.
అటుదిక్కు ఏం లేదు.

మాపు ట్రిప్పుల ఎవల ఫోను వాళ్లకిస్తే
తలా ఒక ఒంటె సాటుకు పోయెటోళ్లు.
ఒంటెను మించిన తలుపు ఆడ లేదు.
లింబాద్రికి మాత్రం నేనే చెప్తుంటి:
"టవరు ఖరాబుందట. వచ్చే గురువారం సూద్దాం."
ఆయన తలూపి తొట్టిలకు పైపు జరిపెటోడు.

నిరుటి చలికాలం మాట మారింది.
టవరే అక్కెరలేదట.
ఆకాశంల తిరిగే పెట్టెలు
మామూలు ఫోనుతోనే మాట్లాడుతయట,
ఈ టేపు ఫోనుతోనే, ఈ రబ్బరు బ్యాండుతోనే.
నమ్మక, ఆ రాత్రి ఆడనే పండుకున్న.
చుక్కల నడుమ ఒక చుక్క
పనికి ఆలిశమైనోని లెక్క గబగబ నడిచింది.
అదేనో కాదో మాకేం ఎరుక.
షఫీకుల్ గొంతుక్కూసోని ఫోను పైకెత్తిండు,
గాలికి దీపం పట్టినట్టు రెండు చేతులతోని.
టింగు.
ఇద్రీస్ ఇసుకల పడి పొర్లి నవ్విండు.
మస్తాన్‌వలీ తెల్లారేదాంక రాసిండు.
ఆకాశం అందరిది గద అనుకున్నం.
మూడో రాత్రి రెండు గొట్టంగ
అర్బాబు సుత ఆకాశంలకెల్లే అడిగిండు:
ఒంటెలెన్ని? లెక్కవెట్టి ఫోటో పంపుండ్రి.

ఇప్పుడు నా చేతికెవలు ఫోన్లియ్యరు.
డాష్‌బోర్డు మీద దుమ్ము, ఒక ఖర్జూరం గింజ.
ఈ కొలువు నాకు ఎవలిచ్చిండ్రని
పోయిందని ఏడ్వాలె?
నీళ్లు వోస్తున్న. పైపు సప్పుడు
ఎన్నడు లేనంత పెద్దగ ఇనవడ్తది.

మొన్న గురువారం
లింబాద్రి టాంకరెంబడి ఉరికొచ్చిండు.
అదే తువ్వాల, అదే ముల్లె.
"తీస్కపో."
"నీ నెత్తిమీదనే ఉందిగదనే సిగ్నలు, నేనెందుకు?"
కాలి బొటనవేలుతోని ఇసుకల గీత గీసిండు.
చెరిపిండు.
"టవరు ఖరాబుందని నువ్వు చెప్తుంటివి.
ఆకాశం ఖరాబుందని
నాకెవలు చెప్తరు?"

పక్క సీట్ల పెట్టి, జారకుండ బెల్టు వెట్టిన.
ఎనభై కిలోమీటర్లు.
ఎర్రలైటు కింద బండాపి చాయ్ తాగిన.
ముల్లె ఇప్పలే.
మలిపిన,
దారి పొడుగూత
ఒక కొత్త అబద్ధం దేవులాడుకుంట.