బెంగ

పలాస జీడిషెడ్డులో నా పక్కపీట ఝునూది.
బరంపురం అవతలి ఊరు, పెళ్లై ఏడు నెలలు.
అత్తింట్లో ఒడియా గుంటే, పేరు లేదు.

నిద్ర పట్టదంటే డాక్టరు బలానికి మాత్రలు రాశాడు.
నొప్పెక్కడని అడిగితే
తల చూపించింది, తర్వాత కడుపు,
తర్వాత కిటికీ.

చేతులకి బూడిద రాసుకుంటూ దాలమ్మ,
"బెంగేటే?" అంది.
ఆ మాట ఝునూకి తెలీదు.
"మీయమ్మ కలిపిన చద్ది గుర్తొస్తే
గొంతుకడ్డం పడతాది సూడు, అదే."

అప్పట్నుంచీ పీట మీద కూర్చోగానే చెప్తాది
ఇయ్యాల ఎంతో.
ఒకరోజు వేలిమీద గోరంత.
ఒకరోజు మోచేయి దాకా.
మేం పప్పు ఒలుస్తూనే వింటాం.

నిన్న నన్నడిగింది, "నీదే ఊరు?"
ముప్పై ఏళ్లయింది ఆ ప్రశ్న విని.
బొబ్బిలన్నాను.
ఝునూ తన చెయ్యి చాపి
మణికట్టు మీద వేలుంచి
"ఇంతా?" అంది.

ఇంకొంచెం పైకి, అన్నాను.