రుచికి పర్మిట్ లేదు

కెర్‌విల్ ఊరి చివర, దాణా కొట్టు వెనక, రేకుల షెడ్డు.
ఆఫ్రికా మా దగ్గరికి ఉప్పు పట్టించుకుని వస్తుంది
చెక్కపెట్టెల్లో, మడతలుగా, నంబరు చీటీలతో.
తోలు వస్తుంది. కొమ్ములు వస్తాయి.
మాంసాన్ని మాత్రం కస్టమ్స్ వాళ్లు గడప దాటనివ్వరు.
అందుకని అది మాటైపోయి
వేటగాళ్ల నోళ్లలో దాక్కుని వస్తుంది.

సూది, మైనం దారం, గాజు కళ్ల డబ్బా నావి.
గోడకి పెట్టుకునే తలల కోసం వచ్చినవాళ్లు
బిల్లు కట్టేలోపు నాకేదో ఒకటి తినిపించి పోతారు.

ఈలాండా? వెండెల్ ప్రూయిట్ కళ్లు మూసుకుంటాడు.
పళ్ల డాక్టరు, నమలడం గురించి ఆయన చెబితే నమ్మాలి.
"బీఫ్‌లా. కానీ ఆవుకే కన్నుకుట్టేలా."
గెమ్స్‌బాక్? అదీ బీఫ్‌లాగే.
ఇంపాలా? బీఫ్‌కి చిన్న చెల్లెల్లా.
కూడు అని ఒకటుంది, మెలి తిరిగిన కొమ్ములది.
ఆ పేరు విన్నప్పుడల్లా షెడ్డులో నాకొక్కడికే నవ్వొస్తుంది.
కొవ్వుండదట, పెనం మీద రెండు నిమిషాలు ఎక్కువైతే అలుగుతుందట.

మిడ్‌లాండ్ నుంచి వచ్చిన చమురు ఆసామి
వైల్డెబీస్ట్ అనగానే తన బూటు చూపించాడు.
వండినవాడి తప్పేమో అన్నాను.
బూటు ఎవరు వండినా బూటే అన్నాడు.

లొరెట్టా కుబేనా స్కూలు బస్సు నడుపుతుంది.
తొమ్మిదేళ్లు డబ్బు కూడబెట్టుకుని వెళ్లొచ్చింది.
జీబ్రా కొవ్వు పసుప్పచ్చగా ఉందట, మాంసం కాస్త తియ్యగా.
రెండో ముద్దకి ఇంట్లో ఉన్న ముసలి గుర్రం గుర్తొచ్చి
ఫోర్కు పక్కన పెట్టేసిందట.
"బాగుంది. అదే బాధ" అంది.
చారల తోలు ఇంకా తీసుకెళ్లలేదు. ఫోన్ చేస్తే వచ్చే వారం అంటుంది.

బీఫ్.
ఈ ఊళ్లో ఆ మాట బోర్డుల మీద నిలువెత్తు ఉంటుంది,
రాత్రి లైట్లు కూడా వేస్తారు దానికి.
మా వాడలో దాన్ని పెద్దకూర అనేవాళ్లం, గొంతు చిన్నది చేసుకుని.
బడికి పోయేముందు అమ్మ నా చేతులు రెండుసార్లు సబ్బుతో కడిగి
వేళ్లు వాసన చూసి పంపేది.

ఒకరోజు వెండెల్ చెబుతున్నాడు:
సన్నగా కోసి, ఉప్పూ ధనియాలూ రాసి,
తీగ మీద గాలికి ఆరేస్తారు, బిల్టాంగ్ అంటారు, నీకు తెలీదులే.
తునకలు, అన్నాను తెలుగులోనే.
ఏంటీ అన్నాడు.
ఏం లేదన్నాను.
లంద పక్కన మా తాత వేసిన దండెం,
తంగేడు చెక్క నానిన ఎర్రటి నీళ్లు, కింద కాచుకున్న కాకి.
ఇంగ్లీషులో వాటికి ఎక్కడ మొదలుపెట్టాలో తెలీక.

బదులుగా ఒకటి అడిగాను:
మీకు జాడ తీసినతను ఏం తిన్నాడు?
ఆలోచించాడు. మంచి మనిషి, నిజంగానే ఆలోచించాడు.
"పేగులూ, కాళ్లూ, తలలో మెత్తనిదీ పట్టుకెళ్లారు వాళ్లు.
నవ్వుకుంటూనే వెళ్లారు."
ఎలా ఉందని వాళ్లని ఎవరూ అడగలేదట.
ఆ వాటా రుచి నాకు తెలుసు,
బాగా ఉడకాలి, బాగా కారం పడాలి.

వాటర్‌బక్ రుచి మాత్రం ఇంతవరకూ ఎవరూ చెప్పలేదు.
ఒక్క వెంట్రుక తగిలితే కుండంతా పాడవుతుందట.
అది గోడ కోసమే అంటారు.
ఇవాళ దాని తోలు నానేశాను.
నీళ్లు తగలగానే లేచింది,
జిడ్డుగా, మేకపోతులా, వానకి తడిసిన గొంగళిలా...
చూశారా, నేనూ "లా" దగ్గరికే వచ్చాను.

షెడ్డు మూసి చేతులు కడుక్కున్నాను.
మళ్లీ కడుక్కున్నాను.
వేళ్లు ముక్కు దగ్గర పెట్టుకుంటే, ఉంది.
రాత్రి అన్నం చెంచాతో తిన్నాను.