సాయపడినాను

పర్లాకిమిడి బస్టాండు ఎదురుగా
మూడు లిపుల బోర్డు కింద, ఒక్క కంప్యూటరుతో
ఇరవై రెండేళ్లుగా ఊళ్లోవాళ్ల బతుకులు టైపు చేస్తున్నాను.
పేజీకి ముప్పై రూపాయలు. అచ్చుతప్పులు దిద్దితే ఉచితం.
తక్కువ చెప్పుకోవడాన్ని దిద్దడానికి
ఇంతవరకూ రేటు కట్టలేదు.

పైల తవిటమ్మ వచ్చింది.
గుణుపురంలో కొత్తాసుపత్రికి ఆయా కావాలట,
ఇంగ్లీషు బయోడేటా తెమ్మన్నారట.
పదకొండేళ్లు పనిచేసిన నర్సింగ్ హోము మూసేశారు.
"అక్కడ ఏం చేసేదానివి?"
"ఏటుంది బావూ, సాయపడినాను. అదే రాసీండి."

రాశాను. అసిస్టెడ్.
దాని కింద మళ్లీ అసిస్టెడ్. ఆ కింద హెల్ప్‌డ్.
తెర మీద మూడు వరుసలూ
పిలవని పెళ్లికొచ్చిన చుట్టాల్లా
గోడవారగా ఒదిగి కూచున్నాయి.

నాకో పిచ్చి, మాటని విరిచి లోపల చూడ్డం.
సాయపడ్డం, కష్టపడ్డం, సిగ్గుపడ్డం, ఇబ్బందిపడ్డం.
ఏ పని చేసినా ముందు కింద పడమంటుంది ఈ భాష.
"పడ్డం తీసేద్దాం తవిటమ్మా," అన్నాను,
ఏదో పెద్దది కనిపెట్టినవాడిలా.
"నీ చేతులు ఏం చేశాయో అది చెప్పు."

చేతులు చూసుకుంది.
వాటినే అడిగి చెప్తున్నట్టు, మెల్లగా:
"గాలివాన రాత్రి కరెంటు పోనాది.
పుట్టిన పిల్ల ఏడవనేదు.
డాక్టరమ్మ తల్లిని వదిలి రానేకపోనాది.
ఆవిడ చెప్తంటే గాలిసంచి నాను నొక్కినాను.
జనరేటరు తిరిగినంతవరకూ నొక్కుతూనే ఉన్నాను.
బొటనేలు వాచిపోనాది."

నా వెనక గోడకి అంటించిన జాబితాలో
మెరిసే క్రియలు అరవై ఉన్నాయి.
నడిపించాను, సాధించాను, రూపొందించాను.
నొక్కాను లేదు.
మొన్నొక డిప్లమో కుర్రాడు
కాలేజీ వేడుకలో కుర్చీలు వేసి
"కార్యక్రమాన్ని నడిపించాను" అని రాయించుకున్నాడు.
రాశాను. కుర్చీలు ఏమీ అనలేదు.

"ఇంకా?"
"కొండమీంచి సవరాళ్లు దిగొచ్చీవోరు.
ఆళ్లకి ఒడియా రాదు, డాక్టరుకి సవర రాదు.
మజ్జిన నాను."
"అనువదించాను, అని వేద్దామా?"
నవ్వింది. "అంత మాట నా నోట పట్టదు బావూ.
ఈ ఒడ్డు మాట ఆ ఒడ్డుకి దాటించినాను.
ఒకటి మట్టుకు దాటించనేదు."
"ఏది?"
"బతకడు, అన్న మాట.
అది నానే మోసినాను, మెట్ల దాకా.
తల్లిని కూకోబెట్టి, నీళ్లిచ్చి, అప్పుడు చెప్పినాను."

వేళ్లు ఆగాయి.
గుణుపురం రైలు కూసుకుంటూ పోయింది.
తెర మీద కర్సరు
ఆరుతూ వెలుగుతూ ఉంది.

ఇంగ్లీషు బయోడేటాలో నేను అని రాయకూడదు.
క్రియతో మొదలెట్టాలి, మనిషి కనపడకూడదు.
తెలుగులో క్రియ చివర్న వస్తుంది,
వాక్యమంతా నడిచి నడిచి.
నొక్కినాను, దాటించినాను, మోసినాను.
నేను అనకపోయినా ఆ కొసన "ను" ఉంటుంది,
లోపల మనిషి ఉన్నట్టు
గుమ్మం బయట విడిచిన చెప్పులా.

మూడో తరగతి ఇంగ్లీషు మాటలే ఏరాను.
నొక్కడం. మోయడం. చెప్పడం.
దాటించడానికి సరైంది దొరకలేదు,
దగ్గరదాంతో సరిపెట్టాను.

ముప్పై రూపాయలు లెక్కపెడుతూ అడిగింది:
"ఆసుపత్రి మూసీసినాక కూడా నెల్రోజులు ఎళ్లినాను బావూ.
జీతం నేదు. తెలీక సవరాళ్లు దిగొచ్చీవోరు గదా.
ఇంకో ఆసుపత్రికి తోవ చెప్పడానికి
గేటు కాడ నిలబడినాను.
అది కూడా రాస్తారేటి?"

నిలబడినాను.
అలవాటు కొద్దీ విరిచి చూశాను.
లోపల పడ్డం ఉంది.

తీసెయ్యలేదు.
పేజీలో చోటు చాల్లేదు.
అంచులు జరిపాను.